ఆప్తుడు ఎవరు?
నమ్మదగిన మాట: ఒక పదం పుట్టుక, నడక

(ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి స్మృతిలో చేసిన ప్రసంగ పాఠం)



భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి స్మృతిలో మాట్లాడమని పిలవడం నాకు గౌరవం. ఆ గౌరవం వెంట ఒక కట్టుబాటు కూడా వస్తుంది. తెలుగు క్రియాధాతువుల మీద 1961లో ఆయన వెలువరించిన గ్రంథం మొదలు, 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించిన ద్రావిడ భాషల గ్రంథం దాకా ఆయన పని అంతటా ఒక పద్ధతి నడుస్తుంది. కళ్లారా చూసినది ఏది, చూసినదాన్నిబట్టి ఊహించినది ఏది అన్నది విడదీసి చూపించడం ఆ పద్ధతి.

భాషాచరిత్ర రాసేవాళ్లు ఇందుకోసం ఒక చిన్న నక్షత్రం గుర్తు వాడతారు. ఏ శాసనంలోనూ, ఏ కావ్యంలోనూ, ఏ మనిషి నోటా దొరకని రూపాన్ని, సోదర భాషలను పోల్చి ఊహించినప్పుడు దాని ముందు ఆ నక్షత్రం పెడతారు. ఇవాళ్టి విషయానికి సరిపడే ఉదాహరణే తీసుకుందాం. తమిళంలో నంబు, కన్నడంలో నంబు, తెలుగులో నమ్ము. తమిళంలో కొంబు అన్నది మనకు కొమ్ము. అక్కడ అంబు అయిన బాణం మనకు అమ్ము. పక్క భాషల్లో 'ంబ' నిలిచిన చోట తెలుగు 'మ్మ' చేసుకుందని ఇలాంటి జతలు చెబుతాయి. వీటన్నిటికీ వెనక *నంపు వంటి రూపం ఉండి ఉండాలని ఊహిస్తాం. దాని ముందు నక్షత్రం ఉంటుంది. 'దీన్ని ఎవరూ వినలేదు, లెక్క కట్టి చెబుతున్నాం' అని ఆ గుర్తుకు అర్థం. నమ్మకాన్ని చెప్పే మాట విషయంలో కూడా మాకు తెలిసింది ఇంతే అని ఒప్పుకునే శాస్త్రం అది. ఆ నిజాయితీని తలచుకుంటూ, నమ్మదగినతనాన్ని చెప్పే ఒక పదం గురించి మాట్లాడతాను. ఆ పదం 'ఆప్తుడు'.

1. రెండు దారులున్న పదం

ఇది మన నోట రోజూ ఆడే మాట. ఆప్తమిత్రుడు అంటాం, ఆప్తబంధువు అంటాం. ఎవరైనా పోతే ఒక ఆప్తుణ్ణి కోల్పోయాం అంటాం. పుస్తకం అచ్చు వేసుకునేటప్పుడు పెద్దవాళ్ల చేత రాయించుకునే ముందుమాటకు చాలామంది 'ఆప్తవాక్యం' అని పేరు పెడతారు. ఇన్ని చోట్లా ఆప్తుడంటే మనకు దగ్గరివాడు, మన మేలు కోరేవాడు, మనవాడు. ఇదే పదం తర్కశాస్త్రంలో వేరే పని చేసింది. ఎవరి మాటను జ్ఞానానికి ఆధారంగా తీసుకోవచ్చో తేల్చి చెప్పే పని అది.

ఆప్ అనే సంస్కృత ధాతువుకు చేరు, అందుకొను, పొందు అని అర్థాలు. ఈ ధాతువు మనకు కొత్తది కాదు. ప్రాప్తం, వ్యాప్తి, సమాప్తి, పర్యాప్తం అన్నీ దాని నుంచి వచ్చినవే. ఈప్సితం అన్నా అందుకోవాలని కోరుకున్నదే. కాబట్టి ఆప్త అంటే చేరిన, అందిన అని. మరి ఆప్తుడు చేరినది దేన్ని?

దీనికి రెండు జవాబులున్నాయి. ఆప్తుడు మనల్ని చేరినవాడు అనుకుంటే స్నేహితుడవుతాడు, చుట్టమవుతాడు. ఆప్తుడు విషయాన్ని చేరినవాడు అనుకుంటే తెలిసినవాడవుతాడు, సాక్షి అవుతాడు. ఈ రెండూ సంస్కృతంలోనే ఉన్నాయి. తెలుగులో మొదటి అర్థం ఇంటింటికీ వచ్చింది. రెండోది పండితుల పుస్తకాల్లో ఉండిపోయింది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ఆ రెండో అర్థాన్ని మనం మళ్లీ వాడుకలోకి తెచ్చుకోవాలి. మనకు దగ్గరివాడు కావడం వేరు, విషయానికి దగ్గరివాడు కావడం వేరు. ఈ తేడా మరిచిపోయినప్పుడు మనుషుల ప్రాణాలు పోయాయి. ఆ సంగతికి తరువాత వస్తాను.

2. వాత్స్యాయనుడు పెట్టిన షరతులు

గౌతముడి న్యాయసూత్రాలు జ్ఞానానికి నాలుగు ప్రమాణాలను చెబుతాయి: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. నాలుగోదైన శబ్దానికి సూత్రకారుడు ఇచ్చిన నిర్వచనం చాలా చిన్నది. ఆప్తుడు చెప్పినదే శబ్దప్రమాణం అని. ప్రమాణం అన్న మాట కూడా కొలవడం అనే అర్థమున్న ధాతువు నుంచే వచ్చింది. అంటే ఆప్తుడి మాట ఒక కొలత.

ఆ సూత్రం మీద భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుడెవరో విప్పి చెప్పాడు. మొదటి షరతు, చెప్పబోయే విషయాన్ని అతను నేరుగా ఎరిగి ఉండాలి. రెండోది, తాను ఎరిగినదాన్ని ఎరిగినట్టుగానే ఎదుటివాళ్లకు తెలపాలన్న కోరిక ఉండాలి. ఆ కోరికతో నోరు విప్పి చెప్పేవాడే ఆప్తుడు. ఆప్తి అంటేనే విషయాన్ని నేరుగా తెలుసుకోవడమని, దానితో నడిచేవాడు కనుక ఆప్తుడని ఆయన పదాన్ని విప్పాడు. ఇక్కడ ఆప్ ధాతువు దారి ఎటు తిరిగిందో గమనించండి. ఆప్తుడు చేరినది మనల్ని కాదు, విషయాన్ని.

భాష్యకారుడు ఆ తరువాత అన్న మాట ఇంకా గొప్పది. ఈ లక్షణం ఋషులకూ, ఆర్యులకూ, మ్లేచ్ఛులకూ సమానమేనన్నాడు. మనుషులను పుట్టుకతో దూరం పెట్టిన కాలంలో ఒక తార్కికుడు అన్న మాట ఇది. అడవి దారి అడవిలో తిరిగేవాడికి తెలుస్తుంది. ఆ విషయంలో ఆప్తుడు అతనే. అతని కులం, భాష, చదువు ఆ కొలతలోకి రావు.

వైద్యులు కూడా ఈ పదాన్ని పనిలో పెట్టుకున్నారు. చరకసంహిత విమానస్థానంలో రోగాన్ని తెలుసుకోవడానికి మూడు సాధనాలు చెప్పారు: ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం. ముందు తెలిసినవాళ్లు చెప్పినది నేర్చుకోవాలి. తరువాత రోగిని చూడాలి. చూసినదాన్నిబట్టి ఊహించాలి. మూడూ ఒకదాన్నొకటి సరిచూసుకోవాలి. ఆప్తుడి మాటకు మొదటి చోటు ఇచ్చినా, దాన్ని ఒంటరిగా వదల్లేదు.

శబ్దప్రమాణాన్ని తేలిగ్గా చూసేవాళ్లకు ఒక మాట చెప్పాలి. మన పుట్టినరోజు మనలో ఎవరికీ ప్రత్యక్షంగా తెలియదు. అమ్మ చెబితే తెలిసింది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని మనలో ఎక్కువమంది లెక్క కట్టి తేల్చుకోలేదు. చదువుకున్నాం. ఇతరుల మాట లేకుండా ఒక్క రోజూ బతకలేం. అందుకే ఎవరి మాట అన్న ప్రశ్నకు మన పూర్వులు అంత బుద్ధి ఖర్చు పెట్టారు.

3. పక్కపక్కనే రెండు శ్లోకాలు

ఈ పదంలోని రెండు అర్థాలు ఎదురెదురుగా నిలబడే చోటు ఒకటుంది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం వ్యాజ్యాల గురించినది. అందులో 63వ శ్లోకం సాక్షులుగా ఎవరిని తీసుకోవాలో చెబుతుంది. అన్ని వర్ణాలలోనూ ఆప్తులైనవాళ్లను తీసుకోవాలంటుంది. వెంటనే వచ్చే 64వ శ్లోకం ఎవరిని తీసుకోకూడదో చెబుతుంది. వ్యాజ్యంలో లాభం ఉన్నవాళ్లు, సహచరులు, శత్రువులు పనికిరారంటుంది. ఆ జాబితాలో ఆప్తులు కూడా ఉన్నారు.

ఒక శ్లోకంలో ఆప్తులే సాక్షులు. తరువాతి శ్లోకంలో ఆప్తులు సాక్షులు కారాదు. వ్యాఖ్యాతలు దీనికి తడుముకోలేదు. మొదటి చోట ఆప్తులంటే నమ్మదగినవాళ్లు. రెండో చోట ఆప్తులంటే కక్షిదారుకు దగ్గరివాళ్లు. ఒకే పదం గడప లోపలా ఉంది, బయటా ఉంది. కక్షిదారుకు దగ్గరివాడు కావడమే అతని సాక్ష్యాన్ని అనుమానించడానికి చాలిన కారణం.

ఆ స్మృతిలో ఒప్పుకోలేని అసమానతలు ఎన్నో ఉన్నాయి. సాక్షుల విషయంలోనూ ఉన్నాయి. స్త్రీల వ్యవహారాల్లో స్త్రీలు, ద్విజులకు ద్విజులు సాక్ష్యం చెప్పాలని గీతలు గీసింది అదే అధ్యాయం. దాన్ని నేను ఆదర్శంగా చూపడం లేదు. ఒక పదం చరిత్రకు దస్తావేజుగా చూపిస్తున్నాను. న్యాయం తేల్చవలసి వచ్చినప్పుడు ఆ కాలం వాళ్లకు కూడా 'మనవాడు', 'నమ్మదగినవాడు' వేరని తెలుసు.

సాక్షి అన్న మాట పుట్టుక కూడా అదే చెబుతుంది. సాక్షాత్తుగా చూసినవాడు సాక్షి అని పాణిని సూత్రం. వాత్స్యాయనుడు ఆప్తుడికి పెట్టిన షరతులోనూ ఆ సాక్షాత్ అన్న మాటే ఉంది. ఆధునిక చట్టానిదీ అదే మాట: 1872 నాటి భారత సాక్ష్య చట్టం 60వ సెక్షను ప్రకారం నోటి సాక్ష్యం నేరుగా ఉండాలి. చూసిన విషయమైతే చూసినవాడే వచ్చి చెప్పాలి, విన్న విషయమైతే విన్నవాడే చెప్పాలి. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ఆ నియమాన్ని అలాగే ఉంచింది. బోనెక్కినవాడు 'మా బావ చెప్పాడండీ' అంటే బావనే పిలిపించమంటుంది చట్టం.

4. అన్నంభట్టు, నిప్పుతో తడపడం

కాశీకి వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడని ఒక నానుడి ఉంది. ఆ అన్నంభట్టు మన తెలుగువాడు. ఆయన రాసిన తర్కసంగ్రహం దేశమంతటా తర్కం నేర్చుకునేవాళ్ల చేతిలో మొదటి పుస్తకమైంది. ఆప్తుడికి ఆయన ఇచ్చిన నిర్వచనం రెండు మాటల్లో ముగుస్తుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు ఆప్తుడు. పిల్లలకు నోటికి వచ్చేలా ఉండాలని కుదించాడు గానీ, వాత్స్యాయనుడి షరతులు లోపలే ఉన్నాయి. ఉన్నది తెలియకుండా ఉన్నట్టు చెప్పడం కుదరదు కదా.

అన్నంభట్టు అక్కడితో ఆగలేదు. చెప్పినవాడి సంగతి అయ్యాక, చెప్పిన మాట సంగతి ఎత్తుకున్నాడు. ఒక వాక్యం అర్థాన్ని ఇవ్వాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలి. పదాలు ఒకదాన్నొకటి కోరుకోవాలి, అర్థాలు పొసగాలి, పదాలు దగ్గరగా పలకాలి. వీటిలో యోగ్యతకు తార్కికులు చెప్పే ఉదాహరణ నిప్పుతో తడపడం. వ్యాకరణం సరిగ్గానే ఉంది. తడపడానికి సాధనం ఏమిటన్న ఆకాంక్షా తీరింది. కానీ నిప్పుకు తడిపే గుణం లేదు. అర్థాలు పొసగలేదు కనుక ఆ వాక్యం చెల్లదు.

కాబట్టి నమ్మదగినతనాన్ని తూచడానికి మనకు రెండు కొలతలు దొరికాయి. ఒకటి మాటకు సంబంధించినది, అది యోగ్యత: ఇది జరగడానికి వీలున్నదేనా? రెండోది మనిషికి సంబంధించినది, అది ఆప్తత్వం: చెప్పేవాడికి ఇది ఎలా తెలిసింది? మొదటిది దాటితే సరిపోదు. జరగడానికి వీలున్నవన్నీ జరగలేదు. పొసగే అబద్ధాలే మనల్ని మోసం చేస్తాయి. నిప్పుతో తడిపామంటే ఎవరూ నమ్మరు. పక్క ఊళ్లో ఎవరో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారంటే నమ్ముతారు.

5. నచ్చినది, నమ్మినది

ఇక మన దేశి మాటల దగ్గరికి వస్తాను. ఇవాళ నచ్చడం అంటే ఇష్టమవడం. పాత తెలుగులో నచ్చు అన్న ధాతువుకు నమ్ము అన్న అర్థమూ ఉంది. కన్నడంలో కూడా నచ్చు అంటే నమ్ము. తమిళంలో దాని బంధువు కోరుకోవడాన్ని చెబుతుంది. మనం ఇప్పటికీ నచ్చజెప్పడం అంటాం. ఎదుటివాడు ఒప్పుకునేలా చెప్పడం అది. ఇష్టమూ నమ్మకమూ ఒకే ధాతువులో కాపురం చేసిన గుర్తు అక్కడ మిగిలి ఉంది.

ఇది మన ఒక్కళ్ల సంగతి కాదు. నమ్మేలా ఉన్నదాన్ని ఇంగ్లీషులో ప్లాజిబుల్ అంటారు. దాని మూలం లాటిన్‌లో చప్పట్లు కొట్టడమనే అర్థమున్న క్రియ. మొదట చప్పట్లకు తగినది, మెచ్చుకోదగినది అన్న అర్థంతో బయలుదేరి, తరువాత నమ్మేలా ఉన్నది అన్న అర్థానికి వచ్చింది. వేరు వేరు కుటుంబాల భాషలు మనిషి మనసులోని ఒకే జారుడును పట్టుకున్నాయి. మనకు నచ్చిన మాట మనకు నిజంగా కనిపిస్తుంది.

ఆ జారుడుకు అడ్డుకట్ట కూడా భాషలోనే ఉంది. నమ్మించడం, నమ్మదగి ఉండడం ఒకటి కాదని మన వ్యాకరణానికి తెలుసు. నమ్మబలకడం అన్న మాటలో మోసం వాసన ఉంది. నమ్మించి గొంతు కోశాడు అంటాం. నమ్మదగిన అన్న మాటలో మాత్రం తగు ఉంది, అర్హత ఉంది. విశ్వసనీయం అన్న సంస్కృత పదం చివరి అనీయ ప్రత్యయం కూడా అర్హతనే చెబుతుంది. లక్షమంది నమ్మినంత మాత్రాన ఒక మాట నమ్మదగినది కాదు. ఎవరూ నమ్మకపోయినా నమ్మదగిన మాట నమ్మదగినదే.

6. 'ట' అనే కాపలాదారు

తెలుగు వ్యాకరణంలో నాకు చాలా ఇష్టమైన అక్షరం ఒకటి ఉంది. అది వాక్యం చివర వచ్చే 'ట'. 'వాన పడింది' అంటే చూసి చెబుతున్నాను. 'వాన పడిందట' అంటే విని చెబుతున్నాను. తెలంగాణలో 'వానపడ్డదంట' అంటాం. అను అనే క్రియతో ముడిపడిన ఈ చిన్న ముక్క, చెప్పేవాడు ప్రత్యక్షసాక్షి కాడని వినేవాడికి వాక్యం ముగియకముందే తెలియజేస్తుంది. బడి మెట్లెక్కని ముసలమ్మ కూడా తడబడకుండా వాడుతుంది. 'చూసినా' అన్న చోట ట రాదు. 'చూసిండంట' అన్న చోట ట తప్పదు.

ఇంగ్లీషులో ఈ పని చెయ్యాలంటే వేరే మాటలు తెచ్చుకోవాలి. మనకు క్రియ తోకకే ఆ గుర్తు తగులుకుంటుంది. పత్రికా రచన కూడా ఇలాంటి గుర్తులనే ఏర్పరచుకుంది. 'అని పోలీసులు తెలిపారు', 'అని తెలిసింది', 'అని సమాచారం'. ఇవి రాతలోని 'ట'లు. మొదటిది చెప్పినవాణ్ణి చూపిస్తుంది. మిగతా రెండూ చెప్పినవాణ్ణి దాచిపెడతాయి. 'విశ్వసనీయ వర్గాల సమాచారం' అన్నప్పుడు ఆ విశ్వసనీయతను తూచే అవకాశం పాఠకుడికి ఇవ్వడం లేదు. పత్రికల్లో పనిచేసే యువతీ యువకులు ఈ సభలో ఉన్నారు. మీకు నా విన్నపం ఇది. ఎవరు చెప్పారో రాయగలిగిన ప్రతి చోటా రాయండి. 'తెలిసింది' అన్న మాటను మరో దారి లేనప్పుడే వాడండి.

మాట చేతులు మారేకొద్దీ ఏమవుతుందో గమనించండి. మొదటివాడు 'ఎవరో పిల్లాణ్ణి ఎత్తుకుపోయారట' అంటాడు. రెండోవాడు 'ఎత్తుకుపోయారంట, జాగ్రత్త' అంటాడు. మూడోవాడు 'ఎత్తుకుపోతున్నారు, జాగ్రత్త' అంటాడు. ట రాలిపోయింది. విన్నది చూసినదై కూర్చుంది. ఎవరూ అబద్ధమాడలేదు, కానీ అబద్ధం తయారైంది.

7. 2018 వేసవి

ఇలా అబద్ధం తయారవడం ఊహాగానం కాదు. 2018 మే నెలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో సందేశాలు పాకాయి. ఊళ్లో కొత్తగా కనిపించినవాళ్లను, అడుక్కునేవాళ్లను, దారి తప్పినవాళ్లను జనం పట్టుకుని కొట్టారు. కొందరు చనిపోయారు. వాళ్లు ఎవరినీ ఎత్తుకుపోలేదు. దేశంలో మరికొన్ని రాష్ట్రాల్లోనూ అదే జరిగింది.

అప్పట్లో తిరిగిన వీడియోల్లో ఒకటి మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోవడం చూపిస్తుంది. అది కరాచీలో పిల్లల భద్రత గురించి జనాన్ని హెచ్చరించడానికి తీసిన చిత్రం. అసలు చిత్రంలో వాళ్లు పిల్లాణ్ణి వెనక్కి తెచ్చి దింపుతారు. పిల్లాణ్ణి ఎత్తుకుపోవడం ఎంత తేలికో చూడండని అట్ట ముక్క మీద రాసి చూపిస్తారు. ఆ చివరి భాగాన్ని కత్తిరించి పంపారు. వాక్యంలో ట రాలినట్టే ఇక్కడ చిత్రం తోక తెగిపోయింది.

ఆ సందేశాలను జనం ఎందుకు నమ్మారు? పంపినవాడు అపరిచితుడు కాదు. బాబాయి పంపాడు, బడిలో కలిసి చదువుకున్నవాడు పంపాడు, అపార్ట్‌మెంటు గ్రూపులో పక్కింటి ఆవిడ పంపింది. అందరూ ఆప్తులే. మన మేలు కోరే పంపారు. వాత్స్యాయనుడి రెండో షరతులో సగం వాళ్లలో ఉంది, చెప్పాలన్న కోరిక ఉంది. మొదటి షరతు లేదు. వాళ్లలో ఒక్కరూ ఆ విషయాన్ని చేరలేదు. మనకు దగ్గరివాళ్లు కావడంతో, విషయానికీ దగ్గరివాళ్లే అనుకున్నాం. పదంలోని రెండు అర్థాలు మన బుర్రలో ఒకటైపోయిన ఫలితం అది.

అదే వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు మరో దారి పట్టారు. ఒక్కో ఊరి బాధ్యత ఒక్కో కానిస్టేబులుకు అప్పగించి, వాళ్లు ఊరివాళ్లతో కలిసిమెలిసి ఉండేలా చేశారు. ఫోన్లలో వచ్చిన సందేశాలను ఊరివాళ్లే తెచ్చి చూపించేలా చేశారు. డప్పు కొట్టి, జానపద బాణీల్లో పాటలు కట్టించి, పుకార్ల సంగతి ఊరూరా చెప్పించారు. ఆ కానిస్టేబులు ఊరికీ దగ్గరివాడు, ఠాణాకూ దగ్గరివాడు. ఏ పిల్లవాడైనా తప్పిపోయాడో లేదో అతనికి నేరుగా తెలుసు. ఆప్తుడన్న పదంలోని రెండు దారులు ఒక మనిషిలో కలిశాయి. నమ్మకాన్ని చట్టంతో రుద్దలేదు, పరిచయంతో, సమాచారంతో కలిపి నిలబెట్టారు.

ఆ ఏడాది జూలైలో వాట్సాప్ సంస్థ కూడా ముందుకు పంపిన సందేశం మీద 'ఫార్వర్డెడ్' అన్న గుర్తు పెట్టింది. మన దేశంలో ఒకసారికి 5 చాట్లకు మించి పంపకుండా హద్దు పెట్టింది. ఆ గుర్తు చేసే పని మన ట చేసే పనే. ఇది పంపినవాడి సొంత మాట కాదు అని చెప్పడం. మన నాయనమ్మల నోట్లో ఉన్న జాగ్రత్తను ఒక సంస్థ యంత్రంలో పెట్టవలసి వచ్చింది.

8. ఎవరిని అడగాలి

కృష్ణమూర్తి గారి పనిలో ఆప్తుడన్న పదానికి అసలైన ఉదాహరణ నాకు మాండలిక వృత్తి పదకోశంలో కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షాన ఆయన సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. ఆ తరువాత మరికొందరు పండితుల చేతుల మీదుగా ఇతర వృత్తుల సంపుటాలూ వెలువడ్డాయి. అప్పటిదాకా చాలా నిఘంటువులకు ప్రమాణం కావ్యప్రయోగం. ఏ కవి వాడాడన్నదే ప్రశ్న. ఈ కోశం ప్రశ్ననే మార్చింది. ఈ పని చేసేవాడు ఏమంటాడు అని అడిగింది. మేడి, కర్రు, నొగ అన్న మాటలకు నాగలి పట్టినవాడు ప్రమాణం. ఒకచోట నాగలి అన్నదాన్ని రాయలసీమ రైతు మడక అంటే, మడక కూడా కోశానికి ఎక్కుతుంది, ఏ ప్రాంతపు మాటో గుర్తుతో సహా. పడుగు, పేక, నాడె అన్న మాటలకు మగ్గం మీద కూర్చున్నవాడు ప్రమాణం. ఆప్తుడి లక్షణం అందరికీ సమానమన్న వాత్స్యాయనుడి మాట తెలుగు నిఘంటువులో ఆచరణలోకి వచ్చింది ఇక్కడే అని నేను భావిస్తాను.

ఇలా మాటలు సేకరించే పనిలో నేనూ పల్లెలు తిరిగాను. పోచంపల్లి వైపు ఒక నేతగాడి ఇంట్లో ఆసు గురించి అడుగుతున్నాను. చిటికి (ఇక్కత్) చీరలకు రంగులద్దకముందు, మేకుల వరస మీద పేక నూలును అటూ ఇటూ తిప్పి పోసే పని అది. నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పి ఆయన ఆగాడు. 'ఇగ ఆ సంగతి మా ఇంటామెనడుగుండ్రి సారూ. ఆసు పోసేది ఆమె. నేను నేసేటోణ్ణి' అన్నాడు. ఆమె వచ్చి కూర్చుని, చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో, పోగు తెగితే ఏమంటారో, లెక్క తప్పితే ఏమంటారో గాలిలో చెయ్యి తిప్పి చూపిస్తూ చెప్పింది. పక్క ఊళ్లో ఏమంటారమ్మా అని అడిగితే, 'వాళ్లేమంటరో నాకెట్ల తెలుస్తది, మా దిక్కు మాత్రం గిట్లంటం' అంది.

ఆ దంపతులు ఇద్దరూ తమకు తెలిసిన చోట చెప్పారు, తెలియని చోట ఆగారు. ఆయన తన హద్దు చేరగానే ఆమెను చూపించాడు. ఆమె తన ఊరి పొలిమేర దగ్గర ఆగింది. ఎక్కడ ఆగాలో తెలిసినవాడి మాటకే బలం ఉంటుంది. అన్నీ తెలుసన్నవాడి దగ్గర సేకరించిన పదాలను ప్రతిసారీ మరో ఇద్దరిని అడిగి సరిచూసుకోవలసి వస్తుంది.

9. చెయ్యవలసినవి

మన మాటల్లోనే ఉన్న ఈ జాగ్రత్తను ఎలా కాపాడుకోవాలి? మూడు పనులు చెబుతాను.

బడిలో తెలుగు వాచకం చెప్పేవాళ్లు ట ప్రత్యయాన్ని ఒక్క గంట సేపు పాఠంగా చెప్పండి. పిల్లల చేత తాము చూసినవి పది, విన్నవి పది రాయించండి. ప్రత్యక్షానికీ శబ్దానికీ తేడా పదేళ్ల పిల్లలకు తర్కసంగ్రహం లేకుండానే అర్థమవుతుంది. సాక్ష్యం అంటే ఏమిటో, పుకారు అంటే ఏమిటో అక్కడే తెలిసిపోతుంది.

ఇంట్లో ఫోను పట్టుకున్న మనం, వచ్చిన సందేశాన్ని ముందుకు తోసే ముందు రెండు ప్రశ్నలు అడుగుదాం. ఇది జరగడానికి వీలున్నదేనా? చెప్పినవాడికి ఎలా తెలిసింది? 'మా మామయ్య పంపాడు' అన్నది రెండో ప్రశ్నకు జవాబు కాదు. ఆయనకు ఎలా తెలిసిందన్నది జవాబు. మామయ్యను ఆ ప్రశ్న అడగడం అమర్యాద అని చాలామంది జంకుతారు. అడగడంలో అమర్యాద లేదు. 'మీకెవరు చెప్పారండీ?' అని గౌరవంగా అడగవచ్చు. ఆయన మీద ప్రేమ ఉన్నందుకే, ఆయన నోట అబద్ధం వెళ్లకూడదని అడుగుతున్నాం.

నిఘంటువులు చేసేవాళ్లం, ఆప్తుడు అన్న పదం కింద 'దగ్గరివాడు' అన్న అర్థం పక్కనే 'విషయాన్ని నేరుగా ఎరిగి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు' అన్న అర్థాన్ని ఉదాహరణ వాక్యాలతో ఇద్దాం. అర్థం పుస్తకంలో ఉంటే సరిపోదు, వాడుకలోకి రావాలి. 'ఈ విషయంలో ఆయన ఆప్తుడు' అని ఒక శాస్త్రవేత్త గురించి, ఒక రైతు గురించి, ఒక నర్సు గురించి మనం అనడం మొదలుపెడితే వస్తుంది. పదం అర్థాన్ని నిర్ణయించేది వాడేవాళ్లు. అది భాషాశాస్త్రం మనకు నేర్పిన మొదటి పాఠం.

కృష్ణమూర్తి గారు మనకు వదిలి వెళ్లినది పుస్తకాల వరస మాత్రమే కాదు. ప్రతి మాట పక్కనా అది ఎక్కడిదో రాసి ఉంచే అలవాటును వదిలి వెళ్లారు. చూసినదాని ముందు నక్షత్రం ఉండదు, ఊహించినదాని ముందు ఉంటుంది. ఆ అలవాటు విశ్వవిద్యాలయాల గదుల్లోనే ఉండిపోకూడదు. ఎలా తెలుసు అని అడిగే హక్కు ప్రతి తెలుగువాడికీ ఉంది. అడిగినప్పుడు చెప్పవలసిన బాధ్యత, తెలియనప్పుడు తెలియదనవలసిన బాధ్యత కూడా ప్రతి ఒక్కరికీ ఉన్నాయి. ఆ హక్కును వాడుకుందాం, ఆ బాధ్యతను మోద్దాం.